చెట్లకు లెక్క వ్రాసిన దొర: విలియం రాక్స్‌బర్గ్ జీవితము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నింపుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకొక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. ఊరి లెక్కలు వ్రాసుకొని బ్రతుకు నాకు జీవితచరిత్రలు వ్రాయు పాండిత్యము లేదు. నేను గురుకులమున చదివినవాడను కాను. కొవ్వూరు గోష్పాదపు మెట్లమీద సాయంకాలములు కూర్చుండి, శబ్దరత్నాకరమును ఒడిలో నుంచుకొని, పద్యమొకటొకటిగా కూడబలుకుకొన్నవాడను. అయినను వారి మాట కాదనలేకపోతిని. నాబోటి లెక్కలవాడు చెప్పదగిన జీవితమొకటి కొన్ని నెలలుగా నా మనస్సున మెదలుచున్నది. అది రాజులది కాదు, కవులది కాదు. మన గోదావరి సీమలో ఒక పుష్కరకాలము నివసించి, ఇచ్చటి చెట్లకు, తీగలకు, గడ్డిపరకలకు సయితము లెక్క వ్రాసిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యునిది.

ఈయన పేరు ప్రపంచమున వృక్షశాస్త్రము చదివిన ప్రతివానికి తెలియును. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని ఆయనను కొనియాడుదురు. కాని ఆయన ఆ శాస్త్రమును సాధించిన సామర్లకోట, గోదావరి వంతెన దాటి రైలులో పోయినచో మనకు పూటలో పోయివచ్చు దూరముననే యున్నను, మనలో ఆయనను ఎరిగినవారు అరుదు. నేనును గత కార్తికము వరకు ఎరుగను. ఎట్లు తెలిసికొంటినో ముందుగా విన్నవింతును.

గత కార్తికమాసమున మన గ్రంథాలయ సభ్యులు కొందరు పిల్లలతో సహా వనభోజనమునకై కోరంగి మడ అడవికి పోయివచ్చిరి. ఖర్చుల లెక్క చూచుటకు నన్నును వెంటబెట్టుకొని పోయిరి. కాకినాడకు దక్షిణమున, గోదావరి సముద్రమును చేరు చోట, ఉప్పునీటి కాలువల నడుమ ఆ అడవి యున్నది. చూడ వచ్చినవారు బురద త్రొక్కకుండ నడచుటకు అడవిలోనికి చెక్కలతో కట్టిన బాట కలదు. ఆ బాటకు ఇరుప్రక్కల, బురదలో నుండి జానెడు జానెడు పుల్లలు వేలకొలదిగా నిలువున లేచియుండెను. ఎండుపుల్లలనుకొని, ఇంటికి గుర్తుగా కొనిపోవలెనని, బాట దిగి ఒకదానిని విరిచితిని.

మమ్ము పడవలో త్రిప్పిన పెద్దాయన అది చూచెను. కోపపడలేదు. ఆ పుల్లను నా చేతినుండి తీసికొని దానిమీది సన్నని రంధ్రములను చూపెను. బురదలో గాలి యాడదు గనుక మడచెట్టు తన వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకొనుననియు, నేను విరిచినది ఆ చెట్టు ముక్కు అనియు చెప్పెను. పిమ్మట పడవ సాగుచుండగా కంటబడిన ప్రతి చెట్టును పేరు పెట్టి చూపెను. ఇది నల్లమడ, ఇది ఉప్పుపొన్న, ఇది తిల్ల, దీని పాలు కంట పడరాదు. నేను తలవంచుకొని వింటిని. పోయినది వనభోజనమునకు, నేను చేసినది వనభంజనము.

ఇంటికి వచ్చిన తరువాత ఆ పేర్లను వెదకుచు మన గ్రంథాలయపు అలమారలోని వృక్షశాస్త్ర గ్రంథమొకటి తెరచితిని. ప్రతి చెట్టునకును లాటిను భాషలో ఒక శాస్త్రనామముండుననియు, ఆ నామము చివర దానిని మొదట వర్ణించి ప్రకటించిన పండితుని పేరు గుర్తుగా నిలుచుననియు అప్పుడు తెలిసికొంటిని. ఆకుతో బీడీలు చుట్టు తునికి, మధుమేహమునకు మందని వాడు వేగిస, బల్లలకు పెట్టెలకు పేరుపొందిన జిట్రేగి, అడవిలో పెనగొని ప్రాకు తీగమోదుగ, వీని చివరనెల్ల ఒక్క పేరే కనబడెను. అడంగలు నిండ ఒకే పట్టాదారు పేరు కనబడినచో లెక్కలవాడు ఆ ఆసామి యెవరని విచారింపక మానడు. నేనును విచారించితిని. తెలిసినదిది.

విలియం రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున, ఎయిర్‌షైరు మండలములోని క్రెయిగీ అను చోట జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. ఆ కాలమున మందులలో అధికభాగము మొక్కలనుండియే వచ్చుచుండుటచే, వైద్యుడు కాగోరువానికి మొక్కలను గుర్తించు విద్య అవశ్యకముగా నుండెను. అచ్చట ఆ విద్యను బోధించిన జాన్ హోప్ పండితుని శిష్యులు పలువురు తరువాత ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి మన దేశమునకు వచ్చిరి. వారిలో రాక్స్‌బర్గ్ ఒకడు. మొదట కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడుగా సముద్రయానములు చేసి, 1776లో చెన్నపట్టణమున కంపెనీ వైద్యశాఖలో స్థిరపడెను.

ఆయన స్వభావము ఆ చిన్న ఉద్యోగముననే తెలియవచ్చినది. రోగులను చూచుట ముగిసిన పిమ్మట ఇతర దొరలు వేటకో విందుకో పోవుచుండగా, ఈయన దినమునకు మూడుమారులు ఎండ తీవ్రతను, గాలి బరువును, గాలి దిక్కును యంత్రములతో కొలిచి పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఆ పట్టికలు 1778లో లండను రాయల్ సొసైటీవారి సంపుటమున అచ్చుపడెను. మన దేశపు వాతావరణమును క్రమముగా నమోదు చేసిన తొలివారిలో ఆయనను లెక్కింతురు. ఒకనాటి అంకె యొంటరిగా ఏమియు చెప్పదు. ఏండ్ల తరబడి వ్రాసిన అంకెలు వరుసగా నిలిచినప్పుడే వానలును కరవులును తమ నడకను తెలుపును. ఈ సంగతి లెక్కలు వ్రాయువారికి బాగుగ తెలియును.

చెన్నపట్టణమున ఉన్నప్పుడే ఆయనకు కోనిగ్ అను పండితునితో స్నేహము కలిగెను. కోనిగ్, ప్రపంచమునందలి మొక్కలకు రెండేసి మాటల శాస్త్రనామములుంచు పద్ధతిని స్థాపించిన స్వీడను దేశపు లినీయసునకు సాక్షాత్ శిష్యుడు. తరంగంబాడిలో డేనిషువారి కొలువునకు వచ్చి, తరువాత కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. ఆయన సాహచర్యమున రాక్స్‌బర్గ్ విద్య పదునెక్కెను.

1781లో కంపెనీవారు రాక్స్‌బర్గును సామర్లకోట సైనికస్థావరమునకు వైద్యునిగా పంపిరి. పంచారామములలో నొకటియగు కుమారారామమున్న ఆ ఊరిలో 1793 వరకు ఆయన నివసించెను. అందులకే పుష్కరకాలమంటిని. ఆ పండ్రెండేండ్లలోనే ఆయన జీవితకార్యమునకు పునాది పడినది. అచ్చట ఒక తోట వేసెను. రాజమహేంద్రవరమునకు ఎగువనున్న కొండలలో అడవి మిరియపు తీగలను కనుగొని తెప్పించి నాటెను. నీలి, చెరకు, కాఫీ, దాల్చినచెక్క, పట్టుపురుగులకై కంబళిచెట్లు, దూరదేశముల సీమపనస మున్నగువానిని పెంచి పరీక్షించెను. నేడు కడియపులంకలో దారికి ఇరువైపుల వరుసలు తీరిన మొక్కల తోటలను చూచునప్పుడు, ఇదే మన్నులో రెండు శతాబ్దముల క్రిందట ఒక పరదేశి వైద్యుడు కుండీలతో కుస్తీ పట్టెనని నాకు తోచుచుండును.

తోటకంటె గొప్పది ఆయన పనిచేసిన తీరు. క్రొత్త మొక్క దొరికినప్పుడు ఆయన మొదట చేయునది, ఆ ప్రాంతపువారు దానినేమందురో అడుగుట. కొండవాండ్రు, కట్టెలు కొట్టువారు, రంగుల అద్దకమువారు, నాటువైద్యులు, ఎవరేమి చెప్పినను వినెను. ఆ తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. దానినెందులకు వాడుదురు, బెరడు మందగునా, కఱ్ఱ ఇంటికి పనికివచ్చునా, పశువులు తినునా, ఏ మాసమున పూయును, అన్నియు వ్రాసెను. తరువాత స్థానిక చిత్రకారులను కూర్చుండబెట్టి పూవును, కాయను, గింజను, ఆకుమీది ఈనెను ఉన్నదున్నట్లు రంగులలో వ్రాయించెను. ఆ చిత్రకారుల పేర్లు ఆయన గ్రంథముమీద నెక్కలేదు. ఇది ఆ కాలపు అన్యాయములలో నొకటి. పండితుని పేరు వేల మొక్కల తోకకు నిలిచినది. కుంచె పట్టిన తెలుగువాని పేరు ఒక్క గడ్డిపరకకైనను నిలువలేదు.

1785లో కోనిగ్ జబ్బుపడి, కాకినాడను ఆనుకొనియున్న జగన్నాథపురమున, రాక్స్‌బర్గ్ చేతులలోనే కన్నుమూసెను. లినీయసు శిష్యుడొకడు మన తీరపు మన్నులో కలిసెనన్న సంగతి మనవారిలో ఎందరికి తెలియును? స్నేహితుడు పోయిన దుఃఖము తీరకముందే రెండవ దెబ్బ తగిలెను. 1787 మే నెలలో పెనుతుఫాను కోరంగి తీరముపై విరుచుకుపడెను. సముద్రము ఊళ్ళమీదికి వచ్చెను. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ పుస్తకములును, ఏండ్ల తరబడి ఎండబెట్టి దాచిన మొక్కలును నష్టమయ్యెను. లెక్కపుస్తకము కాలిపోయిన కరణమునకు కలుగు దుఃఖము మాలోవారికే తెలియును. కాని రాక్స్‌బర్గ్ కొలువు మానలేదు, స్వదేశమునకు పోలేదు. మరల మొదటి మొక్కనుండి లెక్క మొదలిడెను.

ఆ కాలమున విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను మరియొక వైద్యుడుండెను. మన పాములను పరిశోధించి గ్రంథము వ్రాసినవాడాయనయే. మనము రక్తపింజర యనుదానికి ఇంగ్లీషువారు ఆయన పేరే పెట్టిరి. ఈ తీరపు మొక్కలను బొమ్మలతో అచ్చువేయించవలెనని రస్సెల్ తలపెట్టగా, ఆ భారము రాక్స్‌బర్గునకు వచ్చెను. లండనులో జోసెఫ్ బ్యాంక్స్ అను పండితుడు, ఈయన పంపిన బొమ్మలలో మేలైనవానిని ఏరి అచ్చువేయించెను. కోరమాండలు తీరపు మొక్కలు అను అర్థమిచ్చు పేరుతో 300 చిత్రపటములతో మూడు సంపుటములుగా ఆ గ్రంథము 1795 మొదలు 1820 వరకు వెలువడెను. అందు పలు మొక్కలకు తెలుగు పేర్లు కలవు. ఈ గ్రంథమున మన సోమిడ చెట్టు వర్ణింపబడినది. దాని బెరడు చలిజ్వరమునకు పనిచేయునని మనవారు చెప్పగా విని రాక్స్‌బర్గ్ ప్రకటించెను. తరువాత 1830లో జుస్సియూ అను ఫ్రెంచి పండితుడు ఆ చెట్టునకు శాస్త్రమున క్రొత్త కులమునేర్పరచి, దానికి సోయిమిడా అని మన తెలుగు మాటనే స్థిరపరచెను. లాటిను పేర్ల నడుమ తెలుగు మాట నేటికిని కూర్చుండియున్నది.

ఇచ్చట ఆయనను కేవలము పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ఆయన కంపెనీ కొలువువాడు. మిరియమైనను నీలియైనను కంపెనీకి లాభము తెచ్చునా యన్న ప్రశ్న ఆయన వెంట సదా ఉండెను. అడవి చెట్టును చూచి ఇది ఓడకు పనికివచ్చునా అని అడిగిన కన్ను ఆయనది. అయినను 1790 ప్రాంతమున ఉత్తర సర్కారులను ఘోరక్షామము పీడించినప్పుడు, ఆ కన్నే మరియొకటి చూచెను. నూరేండ్ల క్రిందట వచ్చిన కరవును గూర్చి పిఠాపురమున నిలిచియున్న జ్ఞాపకములను విచారించి, కరవు మరల మరల వచ్చునదేగాని ఆకస్మికము కాదని గ్రహించెను. కాలువగట్ల వెంట, దారుల వెంట కొబ్బరి, తాటి, పనస, అరటి, సీమపనస వంటివానిని విరివిగా నాటినచో, వరి ఎండిన యేట ప్రజలకు ఆధారముండునని ప్రభుత్వమునకు వ్రాసెను. ఒక్క పంటను నమ్ముకొన్న సీమకంటె పదిరకముల చెట్లున్న సీమ కరవునకు తట్టుకొనునన్నది ఆయన సామర్లకోటలో నేర్చిన పాఠము. నేడు జీవవైవిధ్యమని పత్రికలలో చదువుచున్న మాటకు ఇంతకంటె సులభమగు అర్థము నాకు దొరకలేదు.

1793లో కలకత్తా తోటను స్థాపించిన కిడ్ దొర చనిపోగా, ఆ స్థానమున రాక్స్‌బర్గును నియమించిరి. హుగ్లీ ఒడ్డున ఇరువదేండ్లు ఆయన ఆ తోటను పెంచెను. 2500లకు పైగా మొక్కల చిత్రములు ఆయన పర్యవేక్షణమున తయారయ్యెను. తోటలో పెరుగు సుమారు 3500 రకముల మొక్కల పట్టికను ఆయన మిత్రుడు విలియం కేరీ 1814లో శ్రీరాంపురమున అచ్చువేయించెను. ఆ కేరీయే అదే 1814లో తెలుగు భాషకొక వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు. రాక్స్‌బర్గ్ వ్రాసిన భారతదేశ వృక్షగ్రంథము ఆయన పోయిన తరువాతగాని వెలువడలేదు. కేరీ 1832లో దానిని సంపూర్ణముగా అచ్చువేయించి మిత్రఋణము తీర్చుకొనెను.

ఆరోగ్యము చెడి 1813లో రాక్స్‌బర్గ్ కలకత్తా విడిచెను. ఇంగ్లండుకు పోవు దారిలో సెయింట్ హెలీనా ద్వీపమున కొంతకాలము ఆగెను. కొలదికాలము తరువాత నెపోలియను చక్రవర్తిని బంధించి యుంచిన ద్వీపమదియే. నడిసముద్రములో ఒంటరిగా నున్న ఆ దీవిలో ప్రపంచమున మరెచ్చటను లేని చెట్లు ఉండెను. రాక్స్‌బర్గ్ నిలువలేని దేహముతోనే ఆ చెట్ల లెక్క వ్రాసెను. ఆ పట్టిక 1816లో, ఆ దీవికి అధికారిగా పనిచేసిన బీట్సన్ దొర పుస్తకమున అచ్చుపడెను. అప్పటికి దానిని వ్రాసినవాడు లేడు. ఎడింబరో చేరిన పిమ్మట 1815లోనే రాక్స్‌బర్గ్ మరణించెను.

ఇంతటితో జీవితము ముగిసినది. కాని నా కథ ముగియలేదు. ఆ చివరి పట్టికలోనే మనకు కావలసిన ముఖ్యాంశమున్నది.

సెయింట్ హెలీనా దీవిని పోర్చుగీసు నావికులు 1502లో కనుగొనిరి. అచ్చట కాపురముండుటకు వారు వచ్చినవారు కారు. దారిలో ఆగి, మంచినీరు పట్టుకొని, అలసట తీర్చుకొని పోవు బాటసారులు. మరుసటిమారు వచ్చినప్పుడు మాంసము దొరకవలెనని మేకలను విడిచిరి. మేకలు వేలుగా పెరిగి మొలకనెల్ల మేసెను. పెద్దచెట్లు ముసలివై కూలుచుండగా వాని స్థానమున పిల్లచెట్టు లేచుట నిలిచిపోయెను. ఎవరికిని చెడు తలంపు లేదు. ప్రతివాడును తన ఒక్కపూట సౌకర్యమునే చూచుకొనెను. మూడువందల యేండ్లలో దీవి బోసిపోయెను. రాక్స్‌బర్గ్ ఆ దీవిలో మొదట వర్ణించి పేరు పెట్టిన చెట్లలో అచ్చటివారు ఆలివని పిలుచు చెట్టొకటి కలదు. అడవిలో మిగిలిన దాని కడపటి చెట్టు 1994లో చచ్చెను. తోటలో పెంచి కాపాడజూచిన చివరి మొక్క 2003లో చచ్చెను. నేడు ప్రపంచమున ఆ చెట్టు లేదు. రాక్స్‌బర్గ్ వ్రాసిన పేరు మాత్రము పుస్తకమున నున్నది. ఆసామియు లేడు, భూమియు లేదు, అడంగలులో పేరున్నది.

ఇది చదివిన రాత్రి నేను విరిచిన మడవేరు నాకు మరల కనబడినట్లయ్యెను. నేనును ఒక పూటకు వచ్చిన బాటసారినే గదా! ఒక్క పుల్లయే గదా యని అనుకొంటిని. పోర్చుగీసు నావికుడును ఒక్క మేకయే గదా యని అనుకొని యుండును.

కోరంగికి పూర్వము బాటసారులు రాకపోలేదు. అది ఒకనాడు గొప్ప ఓడరేవు. అచ్చట ఓడనెక్కి మనవారు బర్మాకు పోగా, అచ్చటివారు తెలుగువారినందరిని కోరంగీలనియే పిలిచిరి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును నేలమట్టము చేసెను. ఓడలు పోయెను, మడలు నిలిచెను. 1978లో ప్రభుత్వము 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. నీటికుక్కలు, చేపలు పట్టి తిను నీటిపిల్లులు, దూరదేశముల పక్షులు అందు తలదాచుకొనును. చేపపిల్లలును రొయ్యపిల్లలును ఆ వేళ్ళ నడుమనే పెరిగి సముద్రమునకు పోవును. మత్స్యకారుని వలలోనికి వచ్చునదానిలో చాలభాగము ఆ బురద పెట్టిన భిక్షయే.

ఆ అడవికి గొడ్డలివలన, పశువులవలన, రొయ్యల చెరువులవలన చాల నష్టము జరిగినది. 1990ల చివరినుండి అటవీశాఖయు, స్వామినాథన్ పరిశోధనా సంస్థయు తీరగ్రామములవారి సంఘములతో కలిసి, చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, ఆటుపోటుల నీటిని ఎండిన నేలలకు పారించి, మడమొక్కలను నాటిరి. నాటిన చేతులు ఆ ఊళ్ళవారివే. ఇప్పుడు పడవ నడపుచు, చెట్టు పేరు చెప్పుచు యాత్రికులవలన నాలుగు రూకలు సంపాదించువారును ఆ ఊళ్ళలో ఉన్నారు. లెక్కలవానిగా నాకు ఇందలి న్యాయము స్పష్టముగా తోచుచున్నది. నరికిన చెట్టు ఒక్కమారే కట్టెల వెల యిచ్చును. నిలిచిన చెట్టు, చూడవచ్చువాడున్నంతకాలము, ఏటేట ఆదాయమిచ్చును, చేపనిచ్చును, తుఫాను నాడు అలకు అడ్డుపడును. నిలిచిన చెట్టువలన కూడు దొరకువాడు దానిని నరకనీయడు. కనుక యాత్రికుడు రావలసినదే. రాకుండిన అడవికి కావలివాడు కరవగును.

కాని ఈ లెక్కలో ఒక షరతు కలదు. అడవి మూలధనము, యాత్రాదాయము వడ్డీ. వడ్డీ తినువాడు బాగుపడును. అసలును తినువాడు దివాలా తీయును. చెక్కబాట మోయగలవారికంటె ఎక్కువమంది యెక్కినను, పక్షులు గూళ్ళు కట్టు కాలమున మరబోట్లు మోతతో తిరిగినను, తాగి పారవేసిన సీసాలును ప్లాస్టిక్కు సంచులును ఊపిరివేళ్ళను కప్పినను, వచ్చిన రుసుము అడవిని కాచినవారికి గాక మరెవరికో చేరినను, మనము అసలును తినుచున్నట్లే. గ్రామస్థునికి దక్కని యాత్ర అడవికిని దక్కదు. పాపికొండల అడవి 2008లో జాతీయోద్యానమైనది. ఆ కొండలను పడవమీద చూడబోవు యాత్రికులకును ఈ లెక్కయే వర్తించును. మన రేవున కార్తికదీపములు విడుచు మనకును వర్తించును.

రాక్స్‌బర్గును నేను ఇందులకే తలచుకొనుచున్నాను. ఆయనయు దూరమునుండి వచ్చినవాడే. తన యజమాని లాభమును చూచిన లోపము ఆయనకు లేకపోలేదు. అయినను వచ్చిన చోట కన్ను తెరచి చూచెను. తెలియనిదానిని అచ్చటివారిని అడిగెను. విన్నది వ్రాసికొనెను. ఉప్పెన తుడిచివేసినను మరల వ్రాసెను. ఆయన వ్రాసియుండనిచో సెయింట్ హెలీనాలో పోయిన చెట్టు పోయినదనియైన లోకమునకు తెలిసెడిది కాదు. పేరు తెలియని చెట్టు పోయినను ఎవరును లెక్క అడుగరు. కోరంగి పెద్దాయన నాకు చేసిన ఉపకారమును అట్టిదే. తిల్ల అని, మడ అని పేర్లు చెప్పిన తరువాత ఆ చెట్లు నాకు పొరుగువారైరి. పేరు తెలిసిన పొరుగువాని ముక్కు విరుచుటకు ఎవరికి చేయి వచ్చును?

వచ్చు కార్తికమున మరల కోరంగికి పోవలెనని సభ్యులు కోరుచున్నారు. కార్యవర్గమునకు నా మనవులు మూడు. మొదటిది, ఒక్కమారుగా అందరము పోక, పడవకు తగినంతమందిమి చొప్పున విడివిడిగా పోవుదము. రెండవది, భోజనము అడవి వెలుపలనే ముగించి, పోయినప్పుడు మన చేతనున్నదంతయు తిరిగివచ్చునప్పుడును చేతనుండునట్లు చూతము. మూడవది, పిల్లలకొక తెల్లకాగితముల పుస్తకమిచ్చి, ఆ ఊరి పెద్దలు చెప్పిన చెట్ల పేర్లను, పక్షుల పేర్లను, తేదీతో సహా అందు వ్రాయింతము. ఆ పెద్దల పేర్లను కూడ, వారు సమ్మతించినచో, మొదటి పుటలోనే వ్రాయింతము. సామర్లకోట చిత్రకారులకు జరిగిన లోపము మన పుస్తకమున జరుగరాదు. ఆ పుస్తకము మన గ్రంథాలయపు అలమారలో ఉండవలెను, ఏటేట పెరుగవలెను.

మరి యిరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునప్పుడు నేనుందునో ఉండనో చెప్పలేను. అప్పటి లెక్కలవాడెవడైనను ఆ పుస్తకమును తెరచి కోరంగికి పోయి సరిచూచినప్పుడు, వ్రాసిన పేరునకు ఎదుట చెట్టు నిలిచియుండిన, మన లెక్క సరిపోయినట్లు.